ఒత్తేది ఎవరు? - ఆధునిక తెలుగు కల్పనా సాహిత్యంలో దైనందిన ఒత్తిడి మూలాలు

వ్యాస సంగ్రహం

ఆధునిక తెలుగు కల్పనా సాహిత్యంలో మానసిక ఒత్తిడిని చిత్రించిన రచనలను విమర్శ ప్రధానంగా రెండు వర్గాలుగా విడదీసి చదివింది. పురుష పాత్రల ఒత్తిడి ‘మనోవైజ్ఞానిక నవల’ అన్న శీర్షిక కిందకు, స్త్రీ పాత్రల ఒత్తిడి ‘స్త్రీవాద కథ’ అన్న శీర్షిక కిందకు చేరాయి. ‘అసమర్థుని జీవయాత్ర’, ‘అల్పజీవి’, ‘అంపశయ్య’ నవలలను, ‘సుఖాంతం’, ‘ఇల్లలకగానే’ కథలను ఒకచోట చేర్చి చదివితే, ఒత్తిడి మూలాలు పాత్రల స్వభావంలో కంటే పరువు, అప్పు, సమయం అనే మూడు దైనందిన సంబంధాల్లో కనిపిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఒత్తిడి, దైనందిన జీవితం, మనోవైజ్ఞానిక నవల, స్త్రీవాద కథ, పరువు, అప్పు, సమయం.

1. ఉపోద్ఘాతం

మనసు పడే బాధను చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. చింత, దిగులు, బెంగ, కలత, ఆరాటం, వ్యధ ఇవన్నీ అనుభవించేవారి స్థితిని చెప్పే మాటలు. చింతకూ చితికీ మధ్య ఉన్న తేడా ఒక్క సున్నా మాత్రమేనన్న చమత్కారం కూడా బాధపడేవారు ఎలా కాలిపోతారో చెబుతుందే తప్ప, నిప్పు పెట్టినవారెవరో చెప్పదు. ‘ఒత్తిడి’ అన్న మాట తీరు వేరు. పాదాలు ఒత్తడం, పూరీలు ఒత్తడం, ఒత్తి పలకడం వంటి ప్రయోగాల్లోని ‘ఒత్తు’ క్రియ నుంచి ఏర్పడిన నామం ఇది. తాకు నుంచి తాకిడి, రాయు నుంచి రాపిడి, దోచు నుంచి దోపిడి ఏర్పడినట్టే ఒత్తు నుంచి ఒత్తిడి ఏర్పడింది. ఈ నాలుగు మాటల్లోనూ ఇద్దరు ఉంటారు. తాకేది లేకుండా తాకిడి లేదు, దోచేవాడు లేకుండా దోపిడి లేదు. ఆ లెక్కన ఒత్తేది లేకుండా ఒత్తిడి కూడా ఉండకూడదు. అయితే నేటి వాడుకలో ‘ఒత్తిడికి గురయ్యాడు’, ‘ఒత్తిడిలో ఉంది’ అన్న వాక్యాల్లో కర్త కనిపించడు. గురైనవారు మాత్రమే మిగులుతారు.

ఆధునిక వైద్యశాస్త్రంలో ఈ భావనకు పునాది వేసినవారిలో హాన్స్ సెల్యే ముఖ్యుడు. 1936లో ‘నేచర్’ పత్రికలో ఆయన ప్రచురించిన చిన్న నివేదిక సారాంశం, హాని కలిగించే కారకాలు వేర్వేరైనా వాటికి శరీరం చూపే ప్రతిస్పందనలో ఒక సామాన్య లక్షణం ఉంటుందని. సాహిత్య విమర్శకు కూడా ఇందులో గ్రహించదగిన అంశం ఒకటి ఉంది. వేర్వేరు కారణాలకు లక్షణాలు ఒకటే అయినప్పుడు, లక్షణాలను ఎంత నిశితంగా వర్ణించినా కారణం దానంతట అదే బయటపడదు. దాన్ని విడిగా వెదకాలి. నిద్రపట్టకపోవడం, చేతులు వణకడం, మాట తడబడడం ఏ పాత్రలోనైనా ఒకేలా కనిపించవచ్చు. ఆ వణుకు వెనక ఉన్నది అప్పా, అధికారా, ఆచారమా అన్నది పాత్ర బతుకుతున్న జీవితాన్ని చదివితేనే తెలుస్తుంది.

తెలుగు విమర్శ ఈ విషయంలో లక్షణాల వర్ణనకు ఇచ్చిన ప్రాధాన్యం కారణాల అన్వేషణకు ఇవ్వలేదు. ఆత్మన్యూనత, అంతర్ముఖత్వం, అపరాధ భావన వంటి పరిభాషతో పాత్రలను విశ్లేషించడం ఒక పద్ధతిగా స్థిరపడింది. ఆ పద్ధతి వల్ల పాత్రల అంతరంగం విమర్శకు దగ్గరైన మాట నిజమే. అయితే ఒత్తిడి వ్యక్తిగత వ్యాధిగా మారిపోయింది. ఎంపిక చేసిన అయిదు రచనల ఆధారంగా ఈ పఠనాన్ని పునఃపరిశీలించడం ప్రస్తుత వ్యాస లక్ష్యం.

2. పరువు: వారసత్వంగా వచ్చిన బాకీ

త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా ప్రసిద్ధి పొందింది. కథానాయకుడు సీతారామారావు సంపన్న కుటుంబంలో పుట్టి, ఆస్తి కోల్పోయి, లోకంతోనూ తనతోనూ తగవులాడి, చివరకు శ్మశానంలో తన జీవితాన్ని అంతం చేసుకుంటాడు. శీర్షికలోనే ‘అసమర్థుడు’ అన్న తీర్పు ఉండడం వల్ల పాఠకుడు మొదటి పుట నుంచే అతని అసమర్థతకు నిదర్శనాలు వెదకడం మొదలుపెడతాడు. విమర్శ కూడా చాలావరకు అదే పని చేసింది.

కాని నవల ఇచ్చే కథాక్రమాన్ని గమనిస్తే, సీతారామారావు మీద మోపబడిన మొదటి బరువు అతడు ఎంచుకున్నది కాదు. వంశ ప్రతిష్ఠను నిలబెట్టమన్నది మరణశయ్య మీద తండ్రి పెట్టిన ఆన. ఆ ప్రతిష్ఠకు ఆధారం పూర్వులు చేసిన దానధర్మాలు. అంటే ఇచ్చేవారిగానే ఆ కుటుంబం ఊరిలో గుర్తింపు పొందింది. ఆస్తి ఉన్నంతకాలం ఇవ్వడం గౌరవం. ఆస్తి తరిగిన తరవాత కూడా ఇవ్వవలసి రావడం బాకీ. సీతారామారావు తన తండ్రి చేసిన అప్పును కాక, తన తండ్రి సంపాదించిన పేరును తీరుస్తూ దరిద్రుడవుతాడు. ఈ బాకీకి పత్రం లేదు, గడువు లేదు, చెల్లు వేసేవారు లేరు. తీరని బాకీగా ఉండడమే పరువు స్వభావం.

ఈ కోణం నుంచి చూసినప్పుడు రామయ్య తాతతో అతని వాదనలకు కొత్త అర్థం వస్తుంది. సీతారామారావు ప్రశ్నించలేనివాడు కాడు. ప్రతిదాన్నీ ప్రశ్నిస్తాడు. ప్రశ్నించడం నేర్పిన తండ్రి రామస్వామి చౌదరికి గోపీచంద్ ఈ నవలను అంకితం ఇవ్వడం ఇక్కడ గుర్తుంచుకోదగినది. వాస్తవ జీవితంలో రచయిత తండ్రి ఇచ్చినది ప్రశ్న. నవలలో నాయకుడి తండ్రి ఇచ్చినది ఆన. ఈ రెండింటి మధ్య నలిగిన సీతారామారావు, లోకాన్ని అడగవలసిన ప్రశ్నలను తన మీదకే తిప్పుకుంటాడు. అతని అసంతృప్తి భారాన్ని మోయవలసినది భార్య ఇందిర. ఒత్తిడి ఒకరి దగ్గర ఆగిపోదని, ఇంట్లో తనకంటె కిందనున్నవారి మీదకు దిగుతుందని ఈ నవల స్పష్టంగానే చూపింది. అయితే విమర్శ అతని చింతన గురించి రాసినంతగా ఆమె మౌనం గురించి రాయలేదు.

3. అప్పు: వేరొకరి అవసరానికి భయపడడం

రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ 1950ల నాటి రచన. చైతన్య స్రవంతి పద్ధతికి తెలుగులో తొలి ఉదాహరణల్లో ఒకటిగా, ఆత్మన్యూనతా భావానికి నవలారూపంగా దీనికి గుర్తింపు వచ్చింది. నాయకుడు సుబ్బయ్య ఒక కార్యాలయంలో గుమాస్తా. అందరికీ భయపడతాడు. పై అధికారికి, బావమరిది వెంకట్రావుకు, కాంట్రాక్టరు గవరయ్యకు, కొన్నిసార్లు తన ఆలోచనలకు కూడా భయపడతాడు.

సుబ్బయ్య భయాలకు ఒక పటం గీస్తే, అవన్నీ ఒక సొమ్ము చుట్టూ తిరుగుతాయి. ఆ సొమ్ము గవరయ్యది. దాని అవసరం వెంకట్రావుది. సుబ్బయ్య మధ్యవర్తి మాత్రమే. సొమ్ము అతని చేతుల మీదుగా వెళ్లిపోతుంది, భయం మాత్రం అతని దగ్గర ఉండిపోతుంది. లాభం ఒకచోట, పూచీ మరొకచోట ఉండే ఈ అమరిక అధికార యంత్రాంగంలో కింది ఉద్యోగి రోజూ అనుభవించేదే. సంతకం చేసే అధికారం అతనికి ఉండదు. దస్త్రం ఆలస్యమైతే మాట పడేది అతడే. ఇటువంటి స్థితిలో ఉన్నవాడు తాను అల్పుడినని అనుకోవడాన్ని వ్యాధి లక్షణంగా మాత్రమే చూడడం సరిపోదు. తన స్థానాన్ని గురించి అతడు వేసుకున్న అంచనా చాలా మేరకు వాస్తవమే. ఆ అంచనాను తన స్వభావానికి ఆపాదించుకోవడంలోనే అతని పొరపాటు ఉంది.

రావిశాస్త్రి వచన శిల్పం ఈ పఠనానికి అనుకూలంగా ఉంది. సుబ్బయ్య ఆలోచనలు పునరుక్తితో సాగుతాయి. ఒకే భయం కొద్ది మాటల తేడాతో మళ్లీ మళ్లీ వస్తుంది. దీన్ని పాశ్చాత్య శిల్ప ప్రయోగానికి తెలుగు అనుసరణగా చూడడం పరిపాటి. దానితో పాటు, అప్పున్నవాడి మనసు నడిచే తీరు కూడా ఇదేనని గమనించాలి. బాకీ ఉన్న మనిషి ఏ ఆలోచన మొదలుపెట్టినా అది చివరకు బాకీ దగ్గరకే చేరుతుంది. శిల్పంలోని ఆవృత్తి ఇక్కడ అప్పుకు అద్దం.

4. ఒక రోజు పొడవు

నవీన్ ‘అంపశయ్య’ 1969లో వెలువడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలో ఒకే ఒక్క రోజు ఈ నవలకు ఇతివృత్తం. పల్లె నుంచి నగరానికి చదువు కోసం వచ్చిన యువకుడి డబ్బు కొరత, కోరికలు, సంకోచాలు, స్నేహాలు, అవమానాలు అతని చైతన్య స్రవంతిలో పాఠకుడికి చేరతాయి.

దైనందిన ఒత్తిడి గురించి ఈ నవల చెప్పే ముఖ్యమైన మాట దాని శీర్షికలోనే ఉంది. భీష్ముణ్ణి ఒక్క బాణం నేలకూల్చలేదు. అనేక బాణాలు గుచ్చుకున్నాయి. పడిన తరవాత అవే ఆయనకు పడక అయ్యాయి. లేవలేడు, వెంటనే చనిపోడు. మహా విపత్తులు లేని ఒక మామూలు రోజును ఈ పేరుతో పిలవడంలో నవీన్ సూక్ష్మదృష్టి ఉంది. రవికి ఆ రోజు జరిగినవన్నీ విడివిడిగా చూస్తే చిన్నవే. వాటిలో ఏ ఒక్కటీ విషాదాంత నాటకానికి ఇతివృత్తం కాదు. అవి ఒకదాని మీద ఒకటి పడి, ఒకదాన్ని తీర్చుకునే లోపల మరొకటి వచ్చి, మనిషి వాటి మీదనే విశ్రమించవలసి రావడమే ఒత్తిడి. సంఘటన ప్రధానమైన కథాసంవిధానానికి ఇది లొంగదు. అందుకే నవలాకారుడు కాలాన్ని ఒక్క రోజుకు కుదించి, ఆ రోజు పొడవును నవలంత చేశాడు.

భీష్ముడి అంపశయ్యకు ఒక కారణం ఆయన చేసిన ప్రతిజ్ఞ. రవి చేసిన ప్రతిజ్ఞ ఏదీ లేదు. చదువుకుంటే కుటుంబం గట్టెక్కుతుందన్న ఆశను కుటుంబమే అతని మీద పెట్టింది. సీతారామారావుకు పూర్వుల పేరు బరువైతే, రవికి రాబోయే కాలపు ఆశ బరువు. ఒకటి వెనక నుంచి నెడుతుంది, మరొకటి ముందు నుంచి లాగుతుంది.

5. సమయం: ఎవరి గడియారం?

పై మూడు నవలల్లోనూ నాయకులు ఆలోచించడానికి సమయం ఉన్నవారు. వారి ఆలోచనలే నవలలయ్యాయి. ఆ సమయం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న వాటిలో రాదు. అన్నం వండి ఉంటుంది, ఇల్లు ఊడ్చి ఉంటుంది. ఆ పనులు చేసిన చేతుల వైపు నుంచి కథ చెప్పినవారు అబ్బూరి ఛాయాదేవి, పి. సత్యవతి.

ఛాయాదేవి ‘సుఖాంతం’ కథలోని స్త్రీ కోరుకున్నది కంటినిండా నిద్ర. బాల్యం నుంచి సంసారం దాకా ప్రతి దశలోనూ ఆ కోరికకు ఏదో ఒక పని, ఎవరో ఒకరి అవసరం అడ్డు వస్తుంది. ఆమెను ఎవరూ హింసించరు. ప్రతి పిలుపుకూ ఒక న్యాయమైన కారణం ఉంటుంది. కథలో భయం గొలిపేది కూడా అదే. నింద వేయడానికి ఒక దుష్టపాత్ర దొరకదు. చివరకు నిద్రమాత్రలే ఆమెకు నిద్రనిస్తాయి. ఆ ముగింపునకు ‘సుఖాంతం’ అని పేరు పెట్టడం ద్వారా రచయిత్రి కుటుంబ కథల సంప్రదాయాన్నే ఎత్తిపొడిచారు.

సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో చదువు, చురుకుదనం ఉన్న యువతి పెళ్లి తరవాత ఇల్లు అలికి ముగ్గులు పెట్టడంలో నిష్ణాతురాలై, ఒకనాడు తన పేరు మరచిపోతుంది. ఎవరిని అడిగినా తమతో ఆమెకున్న సంబంధమే చెబుతారు. అమ్మ, అమ్మగారు, ఫలానావారి భార్య. చివరకు పాత స్నేహితురాలు ఆమెను శారద అని పిలుస్తుంది. ఈ కథకు మాతృక తెలుగు పిల్లలందరికీ తెలిసిన జానపద కథ. ఇల్లలుకుతూ పేరు మరచిన ఈగ పేదరాసి పెద్దమ్మతో మొదలుపెట్టి అందరినీ అడుగుతూ పోతుంది. చివరకు గుర్రం కడుపులోని పిల్ల సకిలింపులో దానికి తన పేరు వినిపిస్తుంది.

ఈ మాతృకను విమర్శ తరచుగా చమత్కారంగానే స్వీకరించింది. దానిలో లోతైన పరిశీలన ఒకటి ఉంది. ఈగ పేరు మరచినది ఎగిరేటప్పుడో తినేటప్పుడో కాదు, ఇల్లలుకుతున్నప్పుడు. అలికిన ఇల్లు మర్నాటికి మళ్లీ అలకవలసినదే. పూర్తయిందని చెప్పుకోవడానికి వీలులేని పని మనిషి పేరును తుడిచేస్తుందన్న గ్రహింపు మౌఖిక సంప్రదాయంలో ముందే ఉంది. గొలుసు కథ నిర్మాణం కూడా దానికి తగినదే. ప్రతి సమాధానం మరొకరి దగ్గరకు పంపుతుంది, పని లాగానే ప్రశ్న కూడా తెగదు. సత్యవతి ఆ నిర్మాణాన్ని తీసుకుని, సకిలింపు స్థానంలో స్నేహితురాలి పిలుపును ఉంచారు. ఈగకు పేరు యాదృచ్ఛికంగా దొరికింది. శారదకు అది తనను సంబంధంతో కాక వ్యక్తిగా ఎరిగిన మరొక స్త్రీ నుంచి దొరికింది.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం దేశంలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, అదే పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో ఈ సంఖ్యలు 289, 88. అయిదేళ్లలో స్త్రీల వైపు తగ్గినది పది నిమిషాలు, పురుషుల వైపు తగ్గినది తొమ్మిది నిమిషాలు. కథలు ఈ సంఖ్యలకు ఉదాహరణలు కావు. సంఖ్యలు చెప్పలేని దాన్ని కథలు చెప్పాయి. నిమిషాల లెక్కలో రాని విషయం, ఆ నిమిషాలు ఎప్పుడు వస్తాయో నిర్ణయించేది ఎవరన్నది. ‘సుఖాంతం’లోని స్త్రీకి దక్కనిది కేవలం ఎనిమిది గంటల నిద్ర కాదు, తన నిద్రను ఎవరూ భంగపరచరన్న నమ్మకం.

6. రెండు అరల మధ్య

సీతారామారావు, సుబ్బయ్య, రవి ఒక అరలోనూ, ఛాయాదేవి, సత్యవతి కథానాయికలు మరొక అరలోనూ ఉండిపోవడం వల్ల విమర్శకు రెండు నష్టాలు కలిగాయి. మొదటిది, పురుష పాత్రల ఒత్తిడికి ఉన్న సామాజిక మూలం మరుగున పడింది. పరువు, అప్పు, కుటుంబపు ఆశ వంటివి నేపథ్యంగా మారి, ఆత్మన్యూనత ప్రధానాంశమైంది. రెండవది, స్త్రీ పాత్రల ఒత్తిడికి ఉన్న మానసిక లోతు మరుగున పడింది. ‘ఇల్లలకగానే’ను వాదానికి దృష్టాంతంగా ఉదహరించినంతగా, మరపు అనే మానసిక ప్రక్రియను చిత్రించిన రచనగా చదవలేదు. సుబ్బయ్యకు మనస్తత్వం దక్కింది, సమాజం దక్కలేదు. శారదకు సమాజం దక్కింది, మనస్తత్వం దక్కలేదు.

ఈ ప్రతిపాదనకు ఒక ఆక్షేపణ రావచ్చు. ఒకే పరిస్థితిలో ఉన్న గుమాస్తాలందరూ సుబ్బయ్యలు కారు, ఆస్తి పోయినవారందరూ సీతారామారావులు కారు. కనుక వ్యక్తి స్వభావాన్ని పక్కన పెట్టి మూలాలను బయట వెదకడం సాహిత్యాన్ని సామాజిక శాస్త్రానికి అనుబంధంగా మార్చడమే అవుతుందని అనవచ్చు. ఆక్షేపణలో బలం ఉంది. స్వభావం లేకుండా పాత్ర లేదు. అయితే ఒత్తిడికి ఎవరు ఎలా స్పందిస్తారన్నది స్వభావం నిర్ణయిస్తుంది, ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందన్నది నిర్ణయించదు. సెల్యే నివేదికను ఉపోద్ఘాతంలో ప్రస్తావించినది ఈ భేదం కోసమే. పైన పరిశీలించిన రచయితలు ఈ రెండింటినీ కలగలపలేదు. మరణశయ్య మీది ఆన, గవరయ్య సొమ్ము, నిద్ర మధ్యలో వచ్చే పిలుపు రచనల్లో స్పష్టంగా, పాత్రల స్వభావానికి వెలుపల ఉన్నాయి.

ఈ భేదానికి విమర్శ వెలుపల కూడా ప్రాధాన్యం ఉంది. గత కొన్ని దశాబ్దాల్లో తెలుగులో వ్యక్తిత్వ వికాస సాహిత్యం విస్తారంగా వచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ పొందిన ఆదరణ ఆ సాహిత్యానికి ఉన్న పాఠక బలాన్ని తెలుపుతుంది. ఆ పుస్తకాల ప్రధాన సంబోధన వ్యక్తికి. మార్పు వ్యక్తి నుంచి మొదలుకావాలన్నది వాటి సూత్రం. భయం పోగొట్టుకోవాలనుకునే పాఠకుడికి వాటి వల్ల ధైర్యం కలగవచ్చు. కాని అదే సూత్రం విమర్శ సూత్రం కూడా అయితే సుబ్బయ్యకు ధైర్యం, శారదకు సమయపాలన నేర్పితే చాలునన్న నిర్ణయానికి రావలసి ఉంటుంది. శారద సమయపాలనలో ఎప్పుడూ వెనకబడలేదు. ఆమె ఇల్లు అద్దంలా ఉంది. సమర్థత సంపూర్ణమైన చోటనే ఆమె పేరు పోయింది. ‘అసమర్థుని జీవయాత్ర’ పక్కన ‘ఇల్లలకగానే’ను ఉంచి చదవవలసిన అవసరం ఇక్కడే తెలుస్తుంది. ఒకరు అసమర్థుడన్న పేరుతో నశించాడు, మరొకరు సమర్థురాలన్న పేరు కింద తన పేరు కోల్పోయింది. కనుక సమర్థత, అసమర్థత అన్న కొలమానంతో ఒత్తిడి మూలాన్ని వివరించడం సాధ్యం కాదు.

7. ముగింపు

పరిశీలించిన అయిదు రచనల్లో దైనందిన ఒత్తిడి మూలాలు మూడుగా కనిపిస్తున్నాయి. తాను చేయని వాగ్దానాన్ని నిలబెట్టవలసి రావడం పరువు. తాను అనుభవించని సొమ్ముకు పూచీ పడవలసి రావడం అప్పు. తన రోజును ఇతరుల పిలుపుల మధ్య మిగిలిన ముక్కలుగా బతకవలసి రావడం సమయం. మూడింటిలోనూ ఉమ్మడి లక్షణం ఒకటి ఉంది. బాధ్యత ఒకరిది, దాన్ని నిర్ణయించే అధికారం వేరొకరిది. ఈ రెండూ విడిపోయిన ప్రతిచోటా ఒత్తిడి పుడుతుందని ఈ రచనలు సూచిస్తున్నాయి.

1991 తరవాతి కథా సాహిత్యంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కార్పొరేట్ కళాశాలల విద్యార్థులు, ప్రవాస కుటుంబాలు, ఇంట్లోనూ కార్యాలయంలోనూ పనిచేసే స్త్రీలు ప్రధాన పాత్రలయ్యారు. వారి గురించిన కథలను ‘ప్రపంచీకరణ కథ’ అన్న మూడో అరలో పెట్టడం ఇప్పటికే మొదలైంది. పాత అరల పరిమితులు దీనికీ వర్తించే ప్రమాదం ఉంది. ర్యాంకు కోసం చదివే విద్యార్థి కథను రవి పక్కన, గడువుల మధ్య పనిచేసే ఉద్యోగి కథను సుబ్బయ్య పక్కన, ఆ ఉద్యోగి ఇంటిపని చూసే స్త్రీ కథను శారద పక్కన ఉంచి చదివినప్పుడు ఏది కొత్తదో, ఏది పాతదే కొత్త పేరుతో వచ్చిందో తేలుతుంది. అటువంటి పఠనానికి ‘ఒత్తిడి’ అన్న తెలుగు మాటే తగిన పరికరం. ఆ మాట నిర్మాణంలోనే ఒత్తేదెవరన్న ప్రశ్న ఉంది. వాక్యంలో లోపించిన కర్తను వెదకడం వ్యాకరణ పద్ధతి అయినట్టే, విమర్శ పద్ధతి కూడా కావలసి ఉంది.